వనజ తట్టిన తలుపు

యోగానంద్‌కి పిచ్చి పట్టిందని విన్నిపెగ్ తెలుగువాళ్ళు అనుకున్నారంటే అందులో వాళ్ళ తప్పేమీ లేదు. టొరంటోలో హాయిగా ఐటీ ఉద్యోగం చేసుకుంటున్న మనిషి, మేనేజర్ కాళ్ళావేళ్ళా పడి రిమోట్ చేయించుకుని, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని, కనురెప్పలు కూడా గడ్డకట్టే ఈ ఊరికొచ్చి ఒక పాత కొంప కొన్నాడు. ఎందుకయ్యా అంటే, ఇరవై ఏళ్ళ క్రితం 'వాకిట్లో వనజ' అనే సినిమా ఆ ఇంట్లో తీశారట!

ఆ సినిమా మీకు గుర్తుండదు. ఎవరికీ గుర్తులేదు. నిర్మాతగారు ముందు స్విట్జర్లాండ్ అనుకున్నాడు గానీ, బావమరిది విన్నిపెగ్‌లో ఉన్నాడు కదా, తిండీ పడకా కలిసొస్తాయని యూనిట్‌నంతా ఇక్కడికి తోలుకొచ్చాడు. రెండో వారానికల్లా థియేటర్లు ఖాళీ. అయితే గుడివాడలో ఆ రెండు వారాలూ హాజరు తప్పకుండా వెళ్ళిన మహానుభావుడు ఒకడున్నాడు, ఇంటర్ చదివే మన యోగానంద్. హీరోయిన్ ధాత్రి పల్చటి చీరలో మంచులో నడిచొచ్చి, ఒక తెల్లటి ఇంటి మెట్లెక్కి, ఏడుస్తూ ఎర్ర తలుపు తడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. వనజ లోపలికి అడుగు పెడుతుంది. అంతే! కుర్రాడి ప్రాణం ఆ గడప దగ్గరే ఉండిపోయింది. పెళ్ళిచూపుల్లో కూడా శాంతని అడిగిన మొదటి ప్రశ్న, ఆ సినిమా చూశావా అని. పాపం ఆ పిల్ల మొహమాటానికి చూశానంది. దాని ఫలితం ఇప్పుడు విన్నిపెగ్‌లో అనుభవిస్తోంది.

ఇల్లు బాగుచెయ్యడానికి దిగాడు. బయటంతా సులువే. మెట్లూ, వరండా, చిమ్నీ అన్నీ సినిమాలో ఉన్నట్టే ఉన్నాయి. తలుపుకి ఎర్ర రంగు వేస్తే సరిపోయింది. చిక్కంతా లోపల వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి కలిస్తే ఒట్టు! సినిమాలో తలుపు తియ్యగానే ఎడమవైపు వంపు తిరిగిన మెట్లుంటాయి, ఇక్కడేమో కుడివైపు నిటారుగా ఉన్నాయి. సినిమాలో గోడల నిండా నెమళ్ళ వాల్‌పేపర్, ఇక్కడ సున్నం కూడా లేదు. హాలు మధ్యలో టేకు ఉయ్యాల బల్ల, పైన మూడు రెక్కల సీలింగ్ ఫ్యాను, గోడకి నల్లటి గుండ్రటి స్విచ్చులు. వాటి జాడే లేదు.

"మధ్యలో ఎవరో కొనుక్కుని మొత్తం నాశనం చేశారు. కళాపోషణ లేని మనుషులు!" అని పళ్ళు నూరాడు యోగానంద్.

ఇక చూడండి తమాషా. ల్యాప్‌టాప్‌లో సినిమా ఆపి ఆపి చూపిస్తూ వడ్రంగి చేత మెట్లు కుడి నుంచి ఎడమకి మార్పించాడు. రాజమండ్రి నుంచి ఉయ్యాల బల్ల ఓడెక్కి వచ్చింది. వాల్‌పేపర్ మీద నెమళ్ళన్నీ ఒకే వైపు చూడాలని రెండుసార్లు పీకించి మళ్ళీ అంటించాడు. సీలింగ్ ఫ్యాను బిగిస్తున్న రోజున శాంతకి ఓపిక నశించింది.

"ఏమండీ, అప్పట్లో ఈ ఇంట్లో ఉన్న, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన తెల్లావిడ హాల్లో ఉయ్యాల బల్లా, ఉషా ఫ్యానూ ఎందుకు పెట్టుకుంటుందండీ?"

"మంచి అభిరుచి ఉన్నావిడ అయ్యుంటుంది," అన్నాడు యోగానంద్ కిందకి చూడకుండా.

శాంత వంటింట్లోకి వెళ్ళిపోయింది. అడ్డంగా వాదించే మనిషికైతే బదులు చెప్పొచ్చు, అమాయకంగా నమ్మినవాడికి ఏం చెబుతారు?

అది ఇండియా నుంచి విద్యార్థులు వెల్లువలా వచ్చిపడుతున్న కాలం. ఏ విమానం దిగినా మనవాళ్ళే, భుజాన బ్యాగు, చేతిలో ఆవకాయ సీసా, కళ్ళల్లో "అన్నా, రూమ్ ఏమైనా ఉందా?" అనే ప్రశ్న. యోగానంద్ చెడ్డవాడేం కాదు. తన బేస్‌మెంట్‌లో సాయి కిరణ్ అనే కుర్రాణ్ణీ, అతని స్నేహితుల్నీ పెట్టుకున్నాడు. పడుకుంటే ఒకడి కాళ్ళు ఇంకొకడి తలకి తగిలేంత మంది. దాని పైనున్న ఇల్లంతా మాత్రం మ్యూజియం. హాలుకి అడ్డంగా ఎర్రటి పట్టు తాడు కట్టాడు. ఆదివారాలు ఎవరైనా రావచ్చు, టూర్ ఉచితం, పైగా శాంత చేసిన టీ, పకోడీ. కుర్రాళ్ళకి మాత్రం రూల్స్ ఉన్నాయి. పైన వంట చెయ్యకూడదు, నెమళ్ళకి నూనె అంటుతుంది. ఉయ్యాల మీద కూర్చోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ముందు తలుపు వాడకూడదు. అది వనజ తట్టిన తలుపు. రావాలన్నా పోవాలన్నా ఇంటి పక్కనున్న చిన్న తలుపే.

"ముప్పై ఎనిమిదేళ్ళకే అంకుల్ అయిపోయాడంటే ఊరికే అవుతాడా," అని నవ్వుకునేవాడు సాయి కిరణ్. పాపం, నవ్వుకుంటూనే మంచులో చుట్టూ తిరిగి వచ్చేవాడు.

ఇంతలో యోగానంద్ పంట పండింది. తెలుగు సంఘం వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా ఎవరొస్తున్నారనుకున్నారు? ధాత్రిగారే! సినిమాలు మానేసి చాలా ఏళ్ళయింది, టొరంటోలో చెల్లెలింటికి వచ్చి ఉన్నారు. సంఘం అధ్యక్షుడు జనార్ధనరావు "మేడమ్, మీ సినిమా ఇంటిని మావాడొకడు గుడిలా చేశాడు" అంటే, ఆదివారం మధ్యాహ్నం వస్తానన్నారట. యోగానంద్‌కి ఆ వారమంతా అన్నం సయించలేదు. ఆవిడ లోపలికొచ్చి, చుట్టూ చూసి, "అవును, ఇదే ఇల్లు" అనాలి. ఆ ఒక్క మాట చాలు. మెట్లు మార్చిన శ్రమా, ఊళ్ళోవాళ్ళ నవ్వులూ, పెళ్ళాం నిట్టూర్పులూ అన్నీ ఆ మాటతో కొట్టుకుపోతాయి. ఆ మాట రాకపోతే తనేమైపోతాడో అని ఆలోచించడానికే భయపడ్డాడు.

ఆదివారం చలి ఎముకలు కొరుకుతోంది. జనార్ధనరావు కారులోంచి దిగిన ధాత్రిగారు నెత్తి నుంచి కాళ్ళ దాకా కోటులో మునిగిపోయి ఉన్నారు. యోగానంద్ ముందే కోరినట్టు మెట్లెక్కి తలుపు తట్టారు. యోగానంద్ తీశాడు.

ఆవిడ గడప అవతలే నిలబడి, "లోపలికి రావచ్చా?" అని అడిగారు.

"ఎంత మాటండీ, ఇది మీ ఇల్లు!" అన్నాడు మనవాడు.

ధాత్రిగారు లోపలికొచ్చారు. మెట్లు చూశారు. నెమళ్ళని చూశారు. ఉయ్యాల చూశారు. తల పైకెత్తి ఫ్యాను చూసి, నోరు తెరిచి, చప్పట్లు కొట్టి చిన్నపిల్లలా నవ్వేశారు.

"అయ్య బాబోయ్! అచ్చం మా సెట్టేనయ్యా ఇది! ఎలా చేశావు?"

"సెట్టేంటండీ?" అన్నాడు యోగానంద్.

"హైదరాబాద్‌లో వేశారు కదా. లోపలి సీన్లన్నీ అక్కడే. ఇదిగో ఈ మెట్లెక్కితే పైన ఏముండేదనుకున్నావు? ఏమీ లేదు! లైట్‌బాయ్‌లు కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళు. నన్ను వెనకనుంచి నిచ్చెన ఎక్కించి, దిగమ్మా దిగు అనేవారు."

"మరి... ఆ ఫ్యాను?"

"మే నెలయ్యా! ఉక్కకి మేకప్ కారిపోతుంటే ఫ్యాను పెట్టించుకున్నాం. షాటులో కనబడుతోందని కెమెరామన్‌కి తట్టలేదు. రిలీజయ్యాక చూసి తల బాదుకున్నాడు పాపం."

జనార్ధనరావుకి నవ్వు తన్నుకొచ్చి, కిటికీ వైపు తిరిగి దగ్గడం మొదలెట్టాడు. శాంతకీ నవ్వొచ్చింది గానీ, మొగుడి మొహం చూసేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. యోగానంద్ వెళ్ళి ఎవర్నీ కూర్చోనివ్వని ఉయ్యాల బల్ల మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళూ తాను గుడి కట్టింది వనజ ఇంటికి కాదు, సెట్టు అట్టముక్కలకి. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ వడ్రంగి మొహం గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

"కనీసం ఇల్లయినా ఇదే కదండీ?" అని అడిగాడు, చిన్న గొంతుతో.

"వాకిలి ఇదే," అన్నారు ధాత్రిగారు. నవ్వు ఆపి, పక్కనే మోడా లాక్కుని కూర్చున్నారు. "బాధపడకయ్యా. నేనసలు ఈ ఇంట్లోకి అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. అప్పటి ఇంటావిడ వాకిలి వరకే షూటింగ్‌కి ఒప్పుకుంది. ఆ పల్చటి చీరలో రోజంతా మెట్ల మీదే. ఒకసారి కాళ్ళు కొయ్యబారిపోయి, స్పర్శ తెలియక, నిజంగానే ఈ తలుపు కొట్టాను. షాటు కోసం కాదు. కాసేపు లోపల నిలబడనిస్తే చాలని. ఆవిడ కిటికీలోంచి చూసింది. పక్కకెళ్ళమని చెయ్యూపింది. అప్పుడు ఏడ్చాను చూడు, దాన్ని కూడా డైరెక్టరు వాడేసుకున్నాడు. నువ్వు చూసిన ఏడుపు అదే."

యోగానంద్ తలెత్తాడు. ఆ ఏడుపంటే అతనికి ప్రాణం. వనజ ఎంత గొప్పగా నటించిందో అని వచ్చినవాళ్ళందరికీ హాల్లో తగిలించిన ఆ సీను బొమ్మ దగ్గర ఆపి చెప్పేవాడు.

సరిగ్గా అప్పుడే ఎర్ర తలుపు దబదబా మోగింది.

"ఎవర్రా అది!" ఉలిక్కిపడి, అలవాటుకొద్దీ ఒక్క కేక పెట్టాడు యోగానంద్. "ముందు తలుపు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి? పక్కకెళ్ళు!"

"పక్క తలుపు తాళం గడ్డకట్టేసింది అంకుల్," సాయి కిరణ్ గొంతు బయటినుంచి సన్నగా వినబడింది. "చాలాసేపటి నుంచి తిప్పుతున్నా. గెస్టులున్నారని ఆగాను. ఇంక వేళ్ళు తెలియట్లేదు అంకుల్, సారీ."

ధాత్రిగారు యోగానంద్ వైపు చూస్తూ కూర్చున్నారు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది, తిట్టుంటే ఇంకా బాగుండేది. తన నోట్లోంచి ఇప్పుడే వచ్చిన మాట యోగానంద్‌కి తన చెవుల్లోనే గింగురుమంది.

లేచి పరిగెత్తాడు. కాలికి పట్టు తాడు తగులుకుని బోర్లా పడబోయి, దాన్ని కొక్కేలతో సహా ఊడబెరికి, వెళ్ళి తలుపు తీశాడు. సాయి కిరణ్ మీసాలు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. యోగానంద్ చేతిలో తాడు చూసి, కొడతాడేమోనని ఒక మెట్టు వెనక్కి దిగాడు.

"రా లోపలికి," అన్నాడు యోగానంద్.

"బూట్లు అంకుల్... మంచుంది, కార్పెట్..."

"రమ్మంటుంటే!" అని చెయ్యి పట్టి లోపలికి లాగి, ఉయ్యాల మీద కూర్చోబెట్టాడు. ఆ గట్టిపడ్డ వేళ్ళని తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ కూర్చున్నాడు. మనిషి ఏడుస్తున్నాడు, దాచుకోవాలని కూడా తోచలేదు. శాంత టీ తెచ్చి కుర్రాడి పక్కన పెట్టింది. నెమళ్ళ మీద ఆవిరి పడుతుందని ఆవేళ ఎవరూ అనలేదు.

"కింద మిగతావాళ్ళున్నారా?" అని అడిగాడు యోగానంద్, ముక్కు తుడుచుకుని.

"ఉన్నారంకుల్. ఆదివారం కదా, పడుకున్నారు."

"లేపు. అందర్నీ పైకి రమ్మను."

సాయి కిరణ్ టీ గ్లాసు పట్టుకుని బిత్తరపోయి చూశాడు. "టూర్‌కా అంకుల్?"

"కాదురా," అన్నాడు యోగానంద్. "ఉండటానికి."