పట్టుకోనక్కర్లేని తెర

బొంబాయి కామాటిపురాలో ఏ దుకాణం షట్టరు మొండికేసినా కబురు బాలనర్సయ్యకే వెళ్లేది. పైనున్న రేకు డబ్బా విప్పి, లోపలి స్ప్రింగును కాస్త బిగించి, "ఇగ ఎత్తు" అనేవాడు. మనిషికి మాట తక్కువ, చెయ్యి గట్టిది. అలాంటివాడి దగ్గరికి శంకర్రావు ఒక వింత పని పట్టుకొచ్చాడు.

శంకర్రావు బాలనర్సయ్య ఉండే చాల్‌లోనే, ఆ వరస గదుల మేడలోనే పుట్టినవాడు, ఇప్పుడు టై కట్టుకుని ఫోర్టు ప్రాంతంలో ఒక మందుల కంపెనీకి పనిచేస్తున్నాడు. టై కట్టినప్పటి నుంచి కలలు కూడా మరాఠీలోనే కంటున్నాడని నల్లా దగ్గర ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. డాక్టర్లను ఒకచోట కూర్చోబెట్టి, మిషను పెట్టి గోడ మీద బొమ్మలు వేసి, కొత్త మందుల సంగతి చెప్పడం అతని పని. అన్ని గోడలూ తెల్లగా ఉండవు. ఒకచోట పచ్చ సున్నం, ఇంకోచోట దేవుడి క్యాలెండరు. దుప్పటి కడితే ముడతల్లో పడి బొమ్మ వంకరపోయేది. గుండె బొమ్మ చూపిస్తే అదేమిటని ఒక డాక్టరే అడిగాడట.

"మామా, చుట్టి సంకల వెట్టుకొని లోకల్ బండెక్కాలె. ఆడికి పోయి పైకి గుంజితే నిలబడాలె. గసోంటి పడదా చేస్తవా?" అన్నాడు.

బాలనర్సయ్యకు అది తలకిందులైన షట్టరులా తోచింది. నేల మీద పొడుగాటి రేకు గొట్టం, అందులో స్ప్రింగు, దానికి చుట్టుకున్న తెల్ల గుడ్డ. గుడ్డను పైకి లాగి వెనక నిలబెట్టిన కడ్డీ కొక్కేనికి తగిలిస్తే తెర, తీస్తే మళ్లీ గొట్టంలోకి. చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే ప్రాణం తీసింది. స్ప్రింగు వదులైతే గుడ్డ జారి బొమ్మ ముడతలు పడేది. బిగువైతే కొక్కెం ఊడి, కడ్డీతో సహా మీదికి వచ్చేది.

అప్పటికే అతని భార్య గంగవ్వకు కామెర్లు ముదిరాయి. ఆమెను ఒంటరిగా వదలలేక పనిని నాగ్‌పాడాలోని తన దుకాణం నుంచి చాల్ గదికి తెచ్చుకున్నాడు. ఆమె మంచం పక్కనే కూర్చుని గొట్టాలు కోశాడు. ఆమె పడుకునే నవ్వేది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఇంటిపట్టున కూర్చున్నావు, నా రోగం పుణ్యమా అని మొగుడు దొరికాడు అనేది.

ఆ మధ్యాహ్నం అతను స్ప్రింగు చుట్టు ఎక్కిస్తున్నాడు. రెండు చేతులూ బిగిసి ఉన్నాయి. వెనక నుంచి గంగవ్వ అడిగింది.

"ఏమయ్యా, ఇన్ని నీళ్లియ్యి."

"ఆగే. స్ప్రింగు చేతుల ఉన్నది. ఇడిస్తే తంతది."

చుట్టు పూర్తిచేసి, మేకు దూర్చి, కుండలో నీళ్లు ముంచుకుని తిరిగాడు. గంగవ్వ కళ్లు అతని చేతుల వైపే తెరుచుకుని ఉన్నాయి, ఊపిరి మాత్రం ఆగిపోయింది.

ఆమె నీళ్లడిగిన సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతాడు?

దినాల నాడు అతని అక్క రాజవ్వ ఊరి పద్ధతి ప్రకారం అన్నీ చేసింది. ప్రాణం పోయిన చోట చాటలో బియ్యప్పిండి పరిచి, పక్కన దీపం పెట్టి, గంప బోర్లించింది. తెల్లారి గంప ఎత్తితే పిండి మీద పిట్ట కాలో, పాము జాడో, మనిషి అడుగో ఏదో ఒక గుర్తు కనబడాలి. పోయినవాళ్లు ఏ రూపంలో దారి పట్టారో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ తర్వాతే పిండిని సముద్రంలో కలుపుతారు. తాతల కాలంలో ఇటుకలు మోయడానికి బొంబాయి వచ్చినవాళ్లు ఏమి మరిచినా దీన్ని మరవలేదు.

గంప ఎత్తారు. పిండి పరిచింది పరిచినట్టే ఉంది.

పెద్దమనిషి ముత్తయ్య చాట మీదికి వంగి చూసి, ఆమె ఇక్కడి నుంచి ఇంకా కదల్లేదు అన్నాడు. పిండిని ఉంచి, నెల మాసికానికి మళ్లీ పరచమన్నాడు. రాజవ్వ దాన్ని ఒక ఖాళీ డాల్డా డబ్బాలో పోసి, అటక మీద పెట్టి తన ఇంటికి వెళ్లిపోయింది. బాలనర్సయ్య అప్పుడు గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. డబ్బాను చూడలేదు.

తర్వాత అతనికి తెర పిచ్చి పట్టింది. చేత్తో పట్టుకోనక్కర్లేని తెర చెయ్యాలి. పైకి లాగి వదిలేస్తే దానంతట అదే నిలబడాలి, దాని ముందున్న మనిషి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. శంకర్రావు అడిగింది ఇంత కాదు. అయినా బాలనర్సయ్య షట్టరు తాళం నాలుక ఒకటి అరగదీసి, కొక్కేనికి పట్టులా బిగించాడు. అది టక్కున పడ్డప్పుడు అతనికి సంతోషం కలగలేదు. ఇది గంగవ్వ ఉండగానే ఎందుకు తోచలేదని తనను తాను తిట్టుకున్నాడు.

గుడ్డ పలచనిది కావడంతో వెలుతురు అవతలికి పోతోంది. రంగువాళ్లు వాడే సఫేదా తెల్లపొడిని గంజిలో కలిపి, చుట్టినప్పుడు పెళుసై రాలకుండా కాస్త ఆముదం చేర్చి పూత వెయ్యాలనుకున్నాడు. గంజికి పిండి కావాలి. ఇంట్లో వంట ఆగి చాలా రోజులైంది. వెతికితే అటక మీద డబ్బా దొరికింది. గంగవ్వ దాచుకున్నదే అనుకున్నాడు. డబ్బా మొత్తం కాచి పూసేశాడు.

ఆరిన తెరను గదిలో లాగి నిలబెడితే పాలరాయిలా మెరిసింది. పై అంచున మాత్రం చిన్న మరక ఉంది. తన బొటనవేలే తగిలిందనుకుని కుంచెతో సర్దాడు. మర్నాడు లాగితే అది మళ్లీ అక్కడే ఉంది, దాని కింద ఇంకొకటి. దగ్గరికి వెళ్లి చూశాడు. అడుగులు. వేళ్లు కిందికి తిరిగి ఉన్నాయి. ఎడమ పాదానికి చిటికెనవేలు లేదు.

పెళ్లికాక ముందు ఇటుకల తట్ట పడి గంగవ్వ ఎడమకాలి చిటికెనవేలు నలిగి తెగిపోయింది.

అతను తెర చుట్టేశాడు. కాసేపటికి ఉండబట్టలేక మళ్లీ లాగాడు. ఇంకో అడుగు కిందికి వచ్చింది. చుట్టి విప్పిన ప్రతిసారీ ఆమె ఒక అడుగు దిగుతోంది.

మాసికానికి వచ్చిన రాజవ్వ అటక మీద చెయ్యిపెట్టి, డబ్బా ఏదని అడిగింది. అది చాటలోని పిండేనని అతనికి అప్పుడు తెలిసింది, తెర లాగి చూపించాడు. రాజవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇయ్యాల్నే సముద్రంల కలుపు, తమ్మీ. దాన్ని నలుగురి నడుమకు తీస్కపోకు."

"యాడికి వోతున్నదో చూడాలె అక్కా. నా దిక్కే వస్తున్నదేమో."

భయం లేదని కాదు. కానీ ఆ అడుగులు చెరిగిపోతే ఆమె దాహంతోనే ఉండిపోతుందని అతనికి తెలుసు. ఎటు వెళ్తోందో తెలిస్తే, అక్కడ నీళ్లు పెట్టవచ్చు.

మర్నాడు మధ్యాహ్నం నాగ్‌పాడాలో ఒక హాలులో డాక్టర్ల మీటింగు. కిటికీలకు పరదాలు దించి చీకటి చేశారు. శంకర్రావు మిషను వెలిగించాడు. బాలనర్సయ్య తెర లాగి, పట్టు టక్కుమనగానే చేతులు తీసేశాడు. తెర నిలబడింది. మొదటి వరస డాక్టర్లు మెచ్చుకున్నట్టు తలలూపారు. అడుగులు సగం దాకా ఉన్నాయి, కానీ రంగురంగుల బొమ్మల కింద వాటిని ఎవరూ గమనించలేదు.

మూడో నాలుగో బొమ్మకు పట్టు ఊడింది. అన్నిసార్లు పరీక్షించిన పట్టు అది. బాలనర్సయ్య తెర వెనక్కి దూకి, గుడ్డ పై అంచుకున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. స్ప్రింగు కిందికి గుంజుతోంది. శంకర్రావు మాటలు ఆపకుండానే, వదలొద్దని మరాఠీలో గొణిగాడు.

వెనక నుంచి చూస్తే గుడ్డలో అడుగులు నల్లగా కనబడ్డాయి. చుట్టకుండానే, విప్పకుండానే, అతని కళ్ల ముందే ఒకటి పడింది. దాని కింద మరొకటి. అతని నడుము ఎత్తు దాటి, మోకాలు దాటి, గొట్టం అంచుకు చేరి ఆగాయి. అతని కాళ్ల దగ్గర ఎవరో పడుకుని ఉన్నట్టు శ్వాస వినిపించింది.

"ఏమయ్యా, ఇన్ని నీళ్లియ్యి."

అతను చేతులు వదిలేశాడు.

స్ప్రింగు తన్నింది. గుడ్డ చిరుగుతూ గొట్టంలోకి దూకింది, కడ్డీ నేల మీద పడి మోగింది. మిషను వెలుతురంతా బాలనర్సయ్య చొక్కా మీద పడింది. అతను ముందు వరస బల్ల మీదున్న నిండు నీళ్ల గ్లాసును, ఎవరిదో అడగకుండానే తీసుకుని, గొట్టం పక్కన నేల మీద పెట్టి చతికిలబడ్డాడు.

పరదాలు తీశారు. గ్లాసు ఖాళీగా ఉంది. నేల పొడిగానే ఉంది. గ్లాసు అంచున పిండి తెల్లగా అంటుకుని ఉంది.

శంకర్రావుకు అవేమీ కనబడలేదు. డాక్టర్ల ముందు పరువు పోయిన కోపంలో ఉన్నాడు. చిరిగిన గుడ్డను గొట్టంలోంచి బయటికి లాగి చూశాడు. మీద ఒక్క మరక కూడా లేదు.

"చేతుల పట్టుకున్నదాన్ని గట్ల ఇడుస్తరా మామా?"

"మొదాల్నే ఇడ్వాల్సింది" అన్నాడు బాలనర్సయ్య.

లేచి, బల్ల మీది జగ్గు తెచ్చి గ్లాసు నిండా పోశాడు. అక్కడే పెట్టి, పక్కన కూర్చుని చూశాడు. డాక్టర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, శంకర్రావు మిషను సర్దుకున్నాడు. ఈసారి నీళ్లు ఎంతసేపటికీ అలాగే ఉన్నాయి.