బావ బాప్తిస్మానికి నా సంతకం

మా ఆయన సీతారామారావు యాభై ఏళ్ళు దాటేదాకా సొంతంగా ఒక్క చొక్కా కొనుక్కోలేదు. చాడీ చెప్పడం లేదు, ఉన్నమాటే అంటున్నాను. చీపురుపల్లి బజార్లో మాకు గోనెసంచులు, తాళ్ళు, టార్పాలిన్లు అమ్మే కొట్టు ఉంది. ఏ మిల్లు నుంచి సంచులు దింపాలో, ఇంట్లో ఏ కూర వండాలో, ఎవరి పెళ్ళికి వెళ్ళాలో, ఎవరి పెళ్ళికి జ్వరం వంక పెట్టి మానేయాలో అన్నీ నేనే చూస్తాను. మా అమ్మాయి భరణి రాజాం కాలేజీలో ఏ గ్రూపు తీసుకోవాలో కూడా నేనే తేల్చాను. ఏదడిగినా బావ "నీ ఇష్టం" అంటాడు. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా ఆయన నాకు బావే. ఆ "నీ ఇష్టం" విని పొంగిపోయే ఆడవాళ్ళు ఉంటారేమో గానీ, నాకు మాత్రం ఒళ్ళు మండేది. బరువంతా నా నెత్తిన పెట్టి ఆయన హాయిగా ఫ్యాను కింద పేపరు చదువుకునేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు టీ మానేశాడు.

సాయంత్రం నాలుగింటికి కొట్లో ఇద్దరం కలిసి టీ తాగడం మాకు ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఆ రోజు గ్లాసు అందించబోతే తల అడ్డంగా ఊపాడు. షుగరేమోనని భయపడి రక్తపరీక్ష చేయించాను. ఏమీ లేదు. మర్నాడూ వద్దన్నాడు, ఆ మర్నాడూ వద్దన్నాడు. నాలుగో రోజు సంచుల కట్టల మధ్య నిలబెట్టి గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం సరుకు చూసొస్తానని విశాఖపట్నం వెళ్తున్నాడు. వెళ్తున్నది సరుకు కోసం కాదు. రైల్లో పరిచయమైన ధనరాజ్ అనే టార్పాలిన్ల వ్యాపారి ఒకసారి తమ ప్రార్థనకి రమ్మని పిలిచాడట. యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘమట. బయటివాళ్ళు వాళ్ళని మోర్మన్లు అంటారట. వాళ్ళు మందు, పొగాకే కాదు, టీ కాఫీలు కూడా ముట్టరట.

నేను రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత నాలుగు రోజులు ఆపకుండా మాట్లాడాను. రామతీర్థం కొండెక్కి మొక్కులు తీర్చుకున్న కాళ్ళు ఇప్పుడెక్కడికి నడుస్తున్నాయని అడిగాను. ఎవరు ఏం ఆశ చూపారని అడిగాను. ఎవరూ ఏమీ చూపలేదట, పైగా ఉన్న టీ కూడా మానేయమన్నారట. ఆయన ఆ మాట అంత అమాయకంగా చెప్పేసరికి కోపంలోనే నవ్వొచ్చింది. ఇలా లాభం లేదని తర్వాతి ఆదివారం నేనూ రైలెక్కాను. వాళ్ళెవరో చూసి, నాలుగు దులిపి, మా మనిషిని వెనక్కి తెచ్చుకుందామని నా ఆలోచన.

తీరా వెళ్తే దులపడానికి అక్కడేమీ దొరకలేదు. శుభ్రమైన హాలు, నలభై మంది మనుషులు, తెల్లచొక్కాల మీద టైలు కట్టుకున్న మగవాళ్ళు, కుదురుగా కూర్చోలేని పిల్లలు. సిలువ లేదు, బొమ్మ లేదు. పళ్ళెంలో రొట్టెముక్కలు, చిన్న చిన్న కప్పుల్లో నీళ్ళు అందరికీ తిప్పారు. నా దగ్గరికి వచ్చినప్పుడు బావ వైపు చూశాను. తీసుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నేను పక్కకి అందించేశాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

తర్వాత పెద్దవాళ్ళకి పాఠం జరిగింది. చెప్పినాయన భాస్కర్. వారమంతా ఇళ్ళకి కరెంటు పని చేసుకుంటాడు, ఆదివారం అక్కడి సంఘ శాఖకి అధ్యక్షుడు. ఆయన చెప్పిందాని ప్రకారం మనం ఈ లోకంలో పుట్టకముందే దేవుడి దగ్గర బిడ్డలుగా ఉన్నాం. అక్కడ పెద్ద సభ జరిగింది. అందర్నీ భూమ్మీదకి పంపాలి, మళ్ళీ ఇంటికి తెచ్చుకోవాలి, ఎలా అని. లూసిఫర్ అనేవాడు లేచి, నేను వెళ్తాను, ఒక్కరు కూడా తప్పిపోకుండా అందర్నీ తెస్తాను, ఆ గొప్ప మాత్రం నాకివ్వు అన్నాడట. వాడి పద్ధతిలో ఎవరికీ ఏదీ ఎంచుకునే వీలు ఉండదు, అందుకని ఎవరూ తప్పు చేయరు. దేవుడు వద్దన్నాడు. యేసు లేచి చెప్పిన మాటకి ఒప్పుకున్నాడు. మంచో చెడో మనిషే ఎంచుకోవాలి, తప్పితే తిరిగొచ్చే దారి ఉండాలి. ఈ ఎంచుకునే స్వేచ్ఛకి వాళ్ళ పుస్తకాల్లో కర్తృత్వం అని పెద్ద మాట ఉంది. దాన్ని లాక్కోబోయినందుకే లూసిఫర్ సైతానయ్యాడట.

నా నోరు ఊరుకోదు కదా. చెయ్యెత్తి అడిగేశాను.

"ఒక్కలూ తప్పిపోకుండా ఇంటికి తెస్తానంటే అందల తప్పేటుందండీ? మా ఇంట్లో నాను సేస్తన్నది అదే."

హాలంతా నవ్వింది. భాస్కర్ కూడా నవ్వాడు. చంకనెత్తుకునే తిప్పితే పిల్ల పడదు గానీ నడక కూడా రాదమ్మా అన్నాడు. ఎంచుకోవడం మన చేతిలో ఉంటుంది, ఎంచుకున్నాక వచ్చే ఫలితం మన చేతిలో ఉండదు, అదీ మనమే మోయాలి అన్నాడు. బావ మాత్రం నవ్వలేదు. తల దించుకుని తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. అది చూసి నాకు చురుక్కుమంది.

తిరుగు రైల్లో సరదాగా తేల్చేద్దామని, మీవాళ్ళు నన్ను సైతానుతో కలిపేశారు కదా అన్నాను. అలాంటిదేం లేదని కంగారుపడ్డాడు. నేను లేకపోతే ఇల్లూ లేదు, కొట్టూ లేదన్నాడు. మరి అక్కడ అంతగా ఏం నచ్చిందని అడిగాను. కిటికీ వైపు తిరిగి చెప్పాడు.

"ఆ సభలో నన్ను కూడా అడిగినారంట. నాను ఔనన్నానంట. అందుకే పుట్టినానంట. నన్ను ఏదైనా అడుగుతారని నాకెప్పుడూ తోసనేదు, కన్యా."

విజయనగరం వచ్చేదాకా నాలో నేనే లెక్కలు వేసుకున్నాను. నేను రోజుకి వంద అడుగుతాను ఆయన్ని. జవాబు కూడా నేనే చెప్పేస్తాను.

నెల తిరక్కుండా బావ బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. అదిగో, అక్కడ తగిలింది చిక్కు. పెళ్ళయినవాళ్ళు చేరాలంటే భార్యగానీ భర్తగానీ ఒప్పుకోవాలట. అది వాళ్ళ నియమం. భాస్కర్, ధనరాజ్ ఒక శనివారం మా ఇంటికి వచ్చారు. అలవాటు కొద్దీ టీ పెట్టేసి, నాలిక్కరుచుకుని మజ్జిగ ఇచ్చాను. నోటిమాట చాలుగానీ కాగితం మీద ఉంటే అందరికీ మంచిదని భాస్కర్ ఒక కాగితం ముందు పెట్టాడు.

కాదనడానికి మాటలన్నీ ముందే పోగుచేసి పెట్టుకున్నాను. ఏటా కార్తీకంలో మా ఇంట సత్యనారాయణ వ్రతం చేస్తాం. పీటల మీద నా పక్కన కూర్చునే మనిషి ఈయనే. ఈయన అటు పోతే నేను ఎవరి పక్కన కూర్చోవాలి? చుట్టాలకి ఏం చెప్పాలి? పైకి ఇవన్నీ. లోపల ఇంకోటి ఉంది. ఇన్నేళ్ళూ బావ పూర్తిగా నావాడు. ఇప్పుడు నేను చెప్పని చోటికి ఒంటరిగా వెళ్తానంటున్నాడు. వెళ్ళినవాడు అదే మనిషిగా తిరిగొస్తాడా అని నా భయం.

భాస్కర్ అవేవీ అననివ్వకుండానే చెప్పాడు.

"అమ్మా, మీరు కాదంటే ఇక్కడితో ఆగిపోతాం. ఆయన్ని కూడా మిమ్మల్ని వేధించొద్దని చెప్తాం. ఔనన్నా సరే, ఆయన కోసమని గానీ మా మొహమాటానికి గానీ అనొద్దు. మీకు మీరుగా ఇష్టపడి అనాలి."

పోగుచేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. నలభై అయిదేళ్ళ వయసులో నన్నెవరైనా అలా అడగడం అదే మొదటిసారి. నేను పుట్టిన పదకొండోరోజునే మా నాన్న, మేనత్త మాట అనేసుకున్నారు. పంతొమ్మిది నిండగానే తాళి పడింది. బావని కట్టుకుంటావా అని ఎవరూ అడగలేదు. బహుశా అందుకేనేమో, పెళ్ళయిన మర్నాటి నుంచీ చేతికి దొరికినవన్నీ నేనే తేల్చడం మొదలుపెట్టాను. వారం గడువు కావాలన్నాను. వాళ్ళు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

ఆ వారం నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. బావకి సంబంధించినది ఏదీ నేను తేల్చకూడదు. సోమవారం ఏం వండమంటావని అడిగి, జవాబు వచ్చేదాకా పొయ్యి వెలిగించలేదు. పన్నెండున్నరకి వంకాయ అన్నాడు. వంకాయలు తనే తెచ్చాడు. సగం పుచ్చులు. మంగళవారం గీతల చొక్కా మీదకి గళ్ళ లుంగీ కట్టుకుని కొట్లో కూర్చున్నాడు. నా పళ్ళు నేనే కొరుక్కున్నాను. గురువారం నేను బ్యాంకుకి వెళ్ళొచ్చేసరికి కొట్టు షట్టరుకి రంగు వేయించేశాడు. చిలకపచ్చ. ఎదురుగా బట్టలకొట్టు నారాయణమ్మ, కొత్త కొట్టేమో అనుకున్నాను వదినా అంది. నాలుగు రోజుల్లో నాకు నాలుగేళ్ళ వయసు పైబడింది. కానీ బావ ఆ షట్టరు ముందు నిలబడి వచ్చేపోయేవాళ్ళకి చూపించుకుంటుంటే, ఆ ముఖం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

శుక్రవారం దీపం పెట్టాక అసలు ప్రశ్న అడిగాను.

"కార్తీకంల నా పక్కన పీటల మీద కూకుంటావా బావా?"

దీపం వైపు తిరిగాడు. తప్పించుకుంటాడనుకున్నాను.

"కూకోలేను. పళ్ళు కోస్తాను, పందిరి కడతాను, వచ్చినోళ్ళకి వడ్డిస్తాను. ఆ సంకల్పం మాత్రం నా నోట సెప్పలేను. అబద్ధమైపోతాది."

టీ సంగతి వదిలేస్తే, ఇరవై ఆరేళ్ళలో నాకు ఆయన చెప్పిన మొదటి "కాదు" అది. పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. నిజంగానే బాధపడ్డాను, అందులో దాపరికం లేదు. ఏడుస్తూనే ఇంకో సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చున్నది ఇష్టపడి కూర్చున్నాడో, నేను కూర్చోమంటే కూర్చున్నాడో నాకు తెలీదు. ఈ కాదు మాత్రం అచ్చంగా ఆయనదే. ముక్కుసూటిగా నా మొహాన చెప్పాడు. ఇలాంటి మనిషితో కాపురం చేయొచ్చు అనిపించింది. నవ్వకండి, ఆ వయసులో అనిపించింది.

శనివారం మధ్యాహ్నం కొట్లో బేరాలు లేవు. కాగితం తీసి సంచుల కట్ట మీద పెట్టుకుని చదివాను. నా భర్త బాప్తిస్మం తీసుకోవడానికి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను అని ఉంది. గోని కుట్టే దబ్బనం పక్కకి నెట్టి, పెన్ను తీసుకుని, కన్యాకుమారి అని గుండ్రంగా రాశాను. బావ పేపరు దించి చూశాడు. ఎందుకు పెట్టావని అడిగాడు. అడక్కపోతే నేను చెప్పేదాన్ని కాదేమో.

"నీ మతం కోసం పెట్టనేదు. నా పూజ నాను సేసుకుంటాను, నీ ప్రార్థనకి నువ్వెల్లు. పెళ్ళప్పుడు నన్నెవలూ అడగనేదు బావా. ఇప్పుడు అడిగినారు. నాలుగు దినాలు పుచ్చువంకాయలు తిని మరీ ఆలోసించినాను. నువ్వే కావాలని పెట్టినాను."

ఆయన కళ్ళు నిండాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మెల్లగా అన్నాడు.

"నన్ను కూడా ఎవలూ అడగనేదు గదా."

నిజమే. ఉయ్యాల్లో నేనున్నాను, పక్కన ఆరేళ్ళ పిల్లాడు ఈయన. నన్నడగలేదని ఇన్నేళ్ళూ లోపల కుమిలాను గానీ, ఈయన్ని మాత్రం ఎవరడిగారు? ఒక్కసారి, ఒక్కసారైనా నాకు ఆ ఆలోచన రాలేదు. పెన్ను కింద పెట్టేశాను. బయట లోడు లారీ ఏదో దుమ్ము లేపుతూ రాజాం వైపు వెళ్ళింది. అది దాటాక అడిగాను.

"సరే, ఇప్పుడు నానడుగుతన్నాను. నన్ను కట్టుకుంటావేటి?"

వెంటనే చెప్పలేదు. జవాబు అందించాలని నా నోటిదాకా వచ్చింది. పెదవులు బిగపట్టుకుని కూర్చున్నాను. ఆయన కాదంటే ఏం చేయాలో కూడా నాకు తెలీదు. ఆ కాసేపూ నేను పడ్డ భయం నా పెళ్ళిరోజున కూడా పడలేదు.

"కట్టుకుంటాను" అన్నాడు బావ.