ఆ నంబరు ఎవరిది

అంతర్జాతీయ చెస్ పోటీల్లో ఆడాలంటే ఆటగాళ్లకిచ్చే గుర్తింపు నంబరు ఉండాలన్నారని, బట్టలు కుట్టే ఆవిడ నలభై ఆరేళ్ల వయసులో ఫొటో, జనన ధ్రువపత్రం పట్టుకుని చెస్ సంఘం ఆఫీసుకి వెళ్లింది.

గుమాస్తా కంప్యూటర్లో చూసి, "మీకు నంబరు ఇదివరకే ఉందమ్మా. కిందటేడు మూడు ఆటలు ఓడిపోయారు కూడా," అన్నాడు.

"నేనెప్పుడూ పోటీ గడప తొక్కలేదు బాబూ. ఓడిపోవడమేంటి?"

తెర మీదున్న పుట్టింటి ఇంటిపేరు, పుట్టినతేదీ ఆమెవే. పేరుకి బదులు మొదటి అక్షరమే ఉంది. కాసేపటికి, తనకంటే పది నిమిషాలు ముందు పుట్టిన అక్క గుర్తొచ్చింది. ఆమె పేరూ ఆ అక్షరంతోనే మొదలవుతుంది. చిన్నప్పుడు చెస్ ఆడుతూ ఇద్దరూ జుట్లు పట్టుకుంటే అమ్మ చెస్ బల్లని అటకెక్కించింది. తర్వాత ఇద్దరూ ఆ ఊసే ఎత్తలేదు.

వెంటనే ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు చెస్ ఆడుతున్నావా?"

"నీకెవరు చెప్పారే?"

"నీ ఓటములు నా నెత్తిన పడ్డాయి."

"మూడోది గెలవాల్సిందే. ఎదుటివాళ్ల ఏనుగుని చూసుకోలేదు."

గుమాస్తా ఇద్దరి పూర్తి పేర్లూ రాసుకుని చెల్లెలికి కొత్త నంబరిచ్చాడు. అక్క తన దగ్గర దాచినందుకు కోప్పడాలో, తనూ అక్కకి చెప్పనందుకు సిగ్గుపడాలో తెలియక ఆమె ఆఫీసు మెట్ల మీదే నిలబడిపోయింది.