మూడువందల పదో చుట్టు సొట్ట

అబూ ఫహద్‌కు పాత కార్ల పిచ్చి. అరబ్బు ఎడారిలో హాయిల్ ఊరు దాటాక ఆయనకొక గోధుమ పొలం ఉంది గానీ అందులో గోధుమ కంటే కార్లే ఏపుగా పెరిగాయి. ఆ కార్లకు ఏసీ షెడ్డు. వాటిని చూసుకునే భోజన్నకు రేకుల గది. ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డులో భోజన్న వ్యవసాయ కూలీ. పద్నాలుగేళ్ళలో అతను ఆ పొలంలో ఒక్క మొక్క నాటిన పాపాన పోలేదు. కార్ల సొట్టలు తీశాడు, రంగులు వేశాడు. అయినా కార్డులో ఏముంటే ఆ రూలే వర్తిస్తుంది కాబట్టి, అతను ఇంటికి వెళ్ళాలంటే కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, అబూ ఫహద్ తన ఫోన్‌లో అనుమతి మీట నొక్కాల్సిందే.

ఈసారి ఆ మీట భోజన్నకు ఎప్పుడూ లేనంత అవసరం పడింది. నిర్మల్ జిల్లాలో అతని ఊరి సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వయింది. భార్య సీతాబాయి నిలబడింది, పదకొండో తారీఖున గెలిచింది. ఇరవై రెండున ప్రమాణ స్వీకారం. ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడిగింది ఆవిడ. ఫోన్‌లో సలహాలిచ్చింది ఈయన. ఆ సలహాల్లో ఒక్కటి కూడా ఆవిడ వినలేదు, అందుకే గెలిచిందని గిట్టనివాళ్ళు అన్నారు. భోజన్న మాత్రం హాయిల్ బజారులో తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు కొనేశాడు. ఆడమనిషి సర్పంచ్ అయితే మొగుడికి ఒక హోదా వస్తుందని ఏ చట్టంలోనూ లేదు. చట్టంలో లేనివే కదా మన ఊళ్ళలో ఖచ్చితంగా అమలయ్యేది!

అంతకు ముందే అమెరికా నుంచి ఒక కారు ఓడ దిగింది. యాభై ఎనిమిదేళ్ళ కిందట అక్కడి దక్షిణాదిలో జరిగిన ఐదువందల మైళ్ళ పందెంలో గెలిచిన కారట. ఆ పందెం సంగతి మేనేజర్ ప్రభాకర్ విడమరిచి చెప్పాడు. షోరూముల్లో అమ్మే మామూలు కార్లకే బలం పెంచి, కోడిగుడ్డు ఆకారపు బాట మీద మూడువందల ముప్పై మూడు చుట్లు తిప్పుతారు. దాదాపు నాలుగు గంటలు అవి ఒకదాన్నొకటి రాసుకుంటూ, గోడల్ని గుద్దుకుంటూ తిరిగి తిరిగి, బయల్దేరిన చోటే ఆగుతాయి.

"మల్ల ఏడికి వోయినట్టు సార్?" అని అడిగాడు భోజన్న.

"ఎక్కడికీ వెళ్ళరయ్యా. దాన్నే రేస్ అంటారు," అన్నాడు ప్రభాకర్. కాకినాడ మనిషి. ఇంగ్లీషులో జరిగిన ఏ పనినైనా గౌరవించే స్వభావం ఆయనది.

పంతొమ్మిదో తారీఖున హాయిల్లో పాత కార్ల ప్రదర్శన. అప్పటికి కారు రెడీగా ఉండాలని చెప్పి అబూ ఫహద్ జెద్దా వెళ్ళాడు. అదే మాట ప్రభాకర్ భోజన్నకు చెప్పి తన ఏసీ గదిలోకి వెళ్ళాడు. ఎలా రెడీ చేయాలో ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా సొట్టలు తీసి బతుకుతున్నవాడికి ఆ మాట విడిగా చెప్పాలా? భోజన్న కారు చుట్టూ తిరిగి చూశాడు. పలచబడిన ఎర్ర రంగు, తలుపు మీద సగం చెరిగిన ఇరవై ఏడో నంబరు, ఒళ్ళంతా సొట్టలు. గెలిచిన కారును ఇంత దిక్కులేనిదాన్ని చేసి పంపిన అమెరికావాళ్ళను మనసులో తిట్టుకుని సుత్తె పట్టాడు.

పన్నెండో తారీఖు మధ్యాహ్నం ప్రభాకర్ షెడ్డులోకి వచ్చేసరికి కారు తళతళలాడుతోంది. ఒక్క సొట్ట లేదు. అద్దంలో చూసుకున్నట్టు ఆయన మొహం డిక్కీ మీద కనబడింది. ఆ మొహం అంతకంతకూ పాలిపోవడం కూడా కనబడింది.

"ఏం చేశావయ్యా!" అన్నాడు, పక్కనే ఉన్న డ్రమ్ము మీద కూలబడి.

"మంచిగ అయింది గద సార్? రంగు మూడు కోట్లేసిన."

"ఆ సొట్టలకే కదయ్యా ఈ కారు కొన్నది! దాని హిస్టరీ అంతా వాటిలోనే ఉంది. ఒరిజినాలిటీ మొత్తం తుడిచిపారేశావ్!"

భోజన్నకు అర్థం కాలేదు. "గిన్ని సొట్టలున్న కారును సుట్టాల ముంగట ఎట్ల వెడ్తం సార్? ఇజ్జత్ పోదా?"

ఇజ్జత్ కాదు, ఉద్యోగం పోతుందని ప్రభాకర్‌కు తెలుసు. ముందు పోయేది తనదే. అరగంట తల పట్టుకున్నాక, అమ్మినవాళ్ళు పంపిన పుస్తకంలోంచి ఒక ఫొటో తీశాడు. సొట్టలన్నీ ఉన్నచోట ఉన్నట్టు మళ్ళీ పెట్టాలన్నాడు. ఆరు రోజుల టైము. పని బాగా కుదిరితే ఇరవై రెండుకల్లా భోజన్న ఊళ్ళో ఉండేలా నెల రోజులు ఇంటికెళ్ళి తిరిగొచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ తనే మాట్లాడి ఇప్పిస్తానన్నాడు.

భోజన్న ఫొటో తిప్పి తిప్పి చూశాడు. "ఇది ఎడమ దిక్కే సార్. కుడి దిక్కుది?"

"లేదు. నీకు తోచినట్టు కొట్టు. కానీ నేచురల్‌గా ఉండాలి."

తీసిన సొట్టను తిరిగి పెట్టమనడం వండిన అన్నాన్ని బియ్యం చేయమన్నట్టే. మొదటి రోజు భోజన్నకు చేయి రాలేదు, తను వేసిన రంగు మీద తనే సుత్తె వేయడానికి నిజంగా ఏడుపొచ్చింది. రెండో రోజు సీతాబాయి ఫోన్ చేసి, ఊరంతా నువ్వెప్పుడొస్తవని అడుగుతున్నరు అంది. ఆ తర్వాత చేయి ఆగలేదు. ఎడమ వైపు ఫొటో చూసి, సగం చెరిగిన నంబరుతో సహా దించేశాడు. కుడి వైపు దగ్గరే అసలు పని పడింది. పందెంలో ఎటు తిరుగుతారని ప్రభాకర్‌ను అడిగాడు. ఎప్పుడూ ఎడమకే అన్నాడాయన. అయితే గోడకు రాసుకునేది కుడి వైపే. ఇసుక మూట ఆనించి, కొయ్య సుత్తెతో ముందు చక్రం మీద మొదలుపెట్టి, తలుపు దాటాక లోతుగా దించి, వెనక చక్రం దగ్గర పలచగా వదిలాడు. దాని మీద సిమెంటు దిమ్మె ఈడ్చి గీతలు పెట్టాడు. చాయ్ డికాషను, కాలిన ఇంజనాయిలు కలిపి కారంతా పూసి, ఎండలో పెట్టి, ఇసుక రుద్దాడు. మూడు రోజులు పట్టింది. పూర్తయ్యాక వెనక్కి జరిగి చూసుకుంటే అతనికే ఒళ్ళు జలదరించింది. బతుకంతా సొట్టలు తీసిన మనిషికి, తన చేతిలో ఇంత గొప్ప సొట్ట ఉందని యాభై ఒకటో ఏట తెలిసింది.

జెద్దా నుంచి వచ్చిన అబూ ఫహద్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, బాగా తుడిచారని మెచ్చుకున్నాడు. ప్రభాకర్ ఊపిరి పీల్చుకున్నాడు.

పంతొమ్మిదో తారీఖున ప్రదర్శనలో భోజన్నకు కొత్త చొక్కా తొడిగి, చేతికి గుడ్డ ఇచ్చి కారు పక్కన నిలబెట్టారు. డ్రైవరు మహబూబ్ సుభాని తోడు నిలబడ్డాడు. కర్నూలు మనిషి, నాలుగు భాషలు వచ్చు. పదకొండింటికి రస్సెల్ అనే అమెరికా ముసలాయన వచ్చాడు. రాస్ తనూరాలో చమురు కంపెనీకి ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు, ఈ కారు కోసమే ఎడారి అడ్డంగా దాటి వచ్చాడు. ఎడమ వైపు పైపైన చూసి కుడి వైపుకు వచ్చి ఆగిపోయాడు. సొట్ట మీద అరచేయి పెట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన చెబుతుంటే సుభాని భోజన్న చెవిలో తెలుగు చేశాడు. "అప్పుడీయనకు పన్నెండేళ్ళంట. నాయనతో కూర్చోని చూసినాడంట. మూడువందల పదో చుట్టులో కారు గోడకు కొట్టుకోని నిప్పులు లేచినాయంట. ఇదే సొట్టంట. సచ్చేదాకా మర్చిపోనంటున్నాడు."

చుట్టూ చేరిన పెద్దలు నిట్టూర్చారు. ఆ కాలపు డ్రైవర్ల ధైర్యాన్ని పొగిడారు. ఫొటోలు తీశారు. అబూ ఫహద్ ఆ డ్రైవర్ తనకు మేనమామ అయినట్టు ఛాతీ విరిచాడు.

 ఆ సొట్ట భోజన్నది. చాయ్ డికాషను అతనిది, మూడు రోజుల చెమట అతనిది. పొగడ్త మాత్రం ఎప్పుడో పోయిన, పేరైనా తెలియని డ్రైవరు తన్నుకుపోతున్నాడు. పద్నాలుగేళ్ళలో ఎన్ని కార్లు చేసినా నోరు మెదపని మనిషి ఆ పూట ఆగలేకపోయాడు.

"సార్, దిస్ మై వర్క్," అని ముందుకు వచ్చి గుండె మీద చేయి పెట్టుకున్నాడు. కఫీల్‌కు కూడా తెలియాలి కదా అని అరబ్బీ అందుకున్నాడు. "ఆనా సవ్వీ హాదా. షాకూష్!" నేనే చేశాను, సుత్తెతో. అనుమానం మిగలకుండా చేత్తో మూడు దెబ్బలు కొట్టి చూపించాడు.

రస్సెల్ పెద్దగా నవ్వి అతన్ని కౌగిలించుకున్నాడు. ఇంత సరదా మనిషిని ఈ దేశంలో చూడలేదన్నాడు. అందరూ నవ్వారు. అబూ ఫహద్ కూడా నవ్వాడు, కానీ నవ్వుతూ ప్రభాకర్ వైపు చూశాడు. ప్రభాకర్ నేల చూపులు చూస్తున్నాడు.

అబూ ఫహద్ ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే నిజం తెలుస్తుంది. నిజం తెలిస్తే కారు పరువు పోతుంది. తెలియకపోతే ఒక్క పనివాడు పోతాడు. ఇలాంటి వాటికి పెద్దవాళ్ళు ఎక్కువసేపు ఆలోచించరు.

మర్నాడు పొద్దున్నే భోజన్న ఫోన్‌కు అరబ్బీలో మెసేజ్ వచ్చింది. ఎగ్జిట్ వచ్చేసిందని భోజన్న గంతేసినంత పని చేసి సుభాని చేతికిచ్చాడు. సుభాని రెండుసార్లు చదివాడు.

"ఇది రీఎంట్రీ కాదబ్బా," అన్నాడు. "ఖురూజ్ నిహాయీ. ఫైనల్ ఎగ్జిట్. పోవడమే, మళ్ళా రావడం లేదు."

భోజన్న పరుగున ఆఫీసుకు వెళ్ళాడు. ప్రభాకర్ కంప్యూటర్ మీంచి కళ్ళు ఎత్తలేదు.

"నేను నెల దినాలే అడిగిన గద సార్."

"ట్వంటీ సెకండ్‌కి ఊళ్ళో ఉండాలన్నావ్. ఉంటావ్. రేపు ఉదయం ఫ్లైట్. ఇంకేం కావాలయ్యా?"

 షెడ్డు వైపు వెళ్ళబోతే తాళం వేసి ఉంది. రేకుల గది ముందు కూర్చుని భోజన్న సిగ్గు లేకుండా ఏడ్చాడు. అతనికి పని పోయినందుకు ఎంత బాధగా ఉందో, ఆ కారును మళ్ళీ చూడలేనందుకూ అంతే ఉంది.

ఇంతలో సీతాబాయి ఫోన్ వచ్చింది. వెనక జనం గోల, పందిరికి గుంజలు పాతుతున్న చప్పుడు.

"ఏమయ్యా, సెలవు దొర్కిందా లేదా?"

"దొర్కింది. ఎల్లుండి నీ ముంగటుంట."

"ఎన్ని దినాలిచ్చిండ్రు?"

భోజన్న భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. "మస్తు దినాలిచ్చిండ్రే."

"సూడు మరి!" అంది సీతాబాయి సంబరంగా. "గంత మంచి కఫీల్‌ను పట్టుకొని పద్నాలుగేండ్ల సంది ఊకె తిడ్తనే ఉంటివి."