దుప్పటికి అటు చివర

ఒక్క దులుపు దులిపేసరికి దుప్పటి గాలి నింపుకుని పొంగి, మెల్లగా చదునైంది. ఆమె నడిచివెళ్ళి తన చేతిలోని రెండు మూలల్ని అటు చివర ఉన్న, వాగుడు ఆగదని అందరూ వసపిట్ట అని పిలిచే తోటిమనిషి చేతుల్లో పెట్టి, కింద వేలాడుతున్న మడతను అందుకోవడానికి వంగింది. కుడి మోకాలిలో సూది పెట్టి తిప్పినట్టయింది. పళ్ళ బిగువున లేచి నిటారుగా నిలబడింది.

"సాయంత్రం స్టేజీమీద కూడా ఇలాగే వంగి లేచి చూపించు వదినా," అంది వసపిట్ట. "కోటుసారు చూసి పొంగిపోవాలి."

జవాబు చెప్పే వ్యవధి లేదు. దుప్పటి మడతలో ఇద్దరు మనుషులు ఎదురుబొదురుగా వచ్చేది రెప్పపాటుసేపే. ఆ వెంటనే ఎవరి అడుగులు వాళ్ళవి, వెనక్కి. కొన్ని నెలలుగా వసపిట్ట ఈ రెప్పపాటులోనే తన కంపెనీ సంగతంతా చెబుతూ వస్తోంది. దుప్పటికో మాట. ముందు నొప్పులన్నీ తగ్గించే పొడి ఉన్న ఆకుపచ్చ మూత డబ్బా గురించి. తర్వాత మన కింద ఇద్దరు, ఆ ఇద్దరి కింద ఇంకో ఇద్దరు చేరడం గురించి. ఆ తర్వాత ఫంక్షన్ హాల్లో మీటింగులు పెట్టే కోటుసారు గురించి. బండి నిండేసరికి ఉపన్యాసం ఒక మలుపు తిరిగేది, మిగిలింది మర్నాటి దుప్పట్లకి.

హోటలుకి అడుగున, నేల కిందికి దిగే మెట్ల చివర ఉంది లాండ్రీ. ఉతికే యంత్రాలు ఒకవైపు, ఆరబెట్టే యంత్రాలు ఒకవైపు, మధ్యలో మడతల బల్ల. గోడ పైభాగాన ఒక సన్నని కిటికీ. దానిలోంచి వీధి కనిపిస్తుంది కానీ మనుషులు కనిపించరు, వాళ్ళ పాదాలే కనిపిస్తాయి. ఇన్నేళ్ళలో ఆమె ఎందరినో చెప్పులతోనే గుర్తుపట్టడం నేర్చుకుంది.

ఆమె పొడగరి. సన్నటి మనిషి. వేడి గుడ్డల మీద చేతులు ఆన్చి ఆన్చి వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. చేతిలో ఏది పడ్డా మడత పెట్టనిదే ఊరుకోదు. బస్సు టిక్కెట్టు నాలుగు మడతలవుతుంది. కూతురు కప్పుకుని వదిలేసిన దుప్పటి, ఇంకా వెచ్చగా ఉండగానే, అంచుకి అంచు కలిసిపోతుంది. "అమ్మా, నన్ను కూడా మడిచి బీరువాలో పెట్టేయ్" అంటుంది కూతురు. ఆ పిల్ల మందుల షాపులో పని చేస్తోంది. డబ్బా మీది అక్షరాలు చదివి, "ఇందులో ఏముందో వీళ్ళకైనా తెలుసా?" అని ఒక్కమాట అని ఊరుకుంది.

ఆ పొడి నానిన గోనెసంచి వాసన వేస్తుంది. పరగడుపున, వేడినీళ్ళలో, చెంచాడు. మొదటి డబ్బా వసపిట్టే తెచ్చిచ్చింది. అది అయిపోయాక ఒక ఉదయం దుప్పటి మధ్యలో కలిసినప్పుడు, మొహమంతా కళ్ళు చేసుకుని, "తగ్గింది కదూ?" అని అడిగింది. ఆ కళ్ళ ముందు ఏం చెప్పాలో తోచక, "ఆఁ, కొంచెం నయమే" అంది ఆమె.

సాయంత్రానికి ఆ మాటలోంచి 'కొంచెం' రాలిపోయింది. వారం తిరిగేసరికి, "మా వదిన లేచి పరిగెడుతోంది" అని వసపిట్ట ఊరంతా చాటింది.

అంతకుముందు మోకాలి నొప్పి చూసి వంగే పని మొత్తం వసపిట్టే చేసేది. నయమైందని విన్న రోజునుంచి, సంతోషంగా, సగం వంతు తిరిగి ఇచ్చేసింది. దాంతో నొప్పి రెట్టింపైంది. వసపిట్ట చూస్తున్నంతసేపూ ఆమె నిటారుగా నడుస్తుంది. వసపిట్ట అటు తిరగగానే బల్ల అంచు పట్టుకుని కుంటుతుంది. లేని జబ్బు నటించేవాళ్ళు లోకంలో ఉన్నారు. ఉన్న జబ్బు దాచడానికి ఇంత అవస్థ పడేది తానొక్కతేనేమో అనుకుంటుంది.

ఇవాళ పొద్దున్నించీ ఆమెకి నిలకడ లేదు. మడిచిన దుప్పటినే మళ్ళీ విప్పింది. దిండు గలీబుల్ని తువ్వాళ్ళ బండిలో వేసింది. సాయంత్రం మీటింగులో కోటుసారు ఆమెను స్టేజీమీదికి పిలుస్తాడు. ఆమె మైకు పట్టుకుని మోకాలు తగ్గిందని చెప్పాలి. ఆ తర్వాత వసపిట్ట కింద చేరుతున్నట్టు సంతకం పెట్టాలి. మూలన అతిథుల చొక్కాలకి ఇస్త్రీ చేసే తాత కూడా చేరతాడట. ఈ ఇద్దరూ కూడా చేరితే వసపిట్ట ఆకుపచ్చ బ్యాడ్జి తీసేసి బంగారు రంగు బ్యాడ్జి పెడతారట.

"నాకు పదిమందిలో మాటలు రావే," అంది ఆమె, తర్వాతి దుప్పటికి.

"నీకు రాకపోతేనే మంచిది. మాటలొచ్చినవాళ్ళని ఎవరూ నమ్మరు. నన్నెవరైనా నమ్ముతున్నారా?" వసపిట్ట పకపకా నవ్వి వెనక్కి వెళ్ళింది.

మళ్ళీ వచ్చినప్పుడు, "చేరడానికి కట్టాల్సింది నేను చూసుకుంటాలే," అంది.

మళ్ళీ వచ్చినప్పుడు, "ఎన్నాళ్ళని వదినా, ఎవరో పడుకుని లేచిన పక్కలు మనం మడతపెట్టడం? మన పక్క మనకి ఎవరైనా వేశారా ఏనాడైనా?"

ఈసారి నవ్వలేదు. అటు వెళ్ళేటప్పుడు ఎడమ భుజం పట్టుకుని ఒకసారి తిప్పుకుంది. ఆ భుజం ఏళ్ళ తరబడి అలాగే ఉంది. ఏం చేసుకున్నావే అంటే, "పుట్టినప్పుడే వంకర కుట్టు పడింది" అంటుంది.

కాదని చెప్పడానికి ఆమెకి నోరు రాకపోవడానికి కారణం గోడమీదే ఉంది. భర్త ఆసుపత్రిలో పడి, ఇక లేవడని తెలిసిన రోజుల్లో, ఆమె పనిలోకి రాలేకపోయింది. ఇంకో మనిషిని పెట్టుకుంటానన్నాడు సూపర్‌వైజరు. "ఆవిడ పని కూడా నేనే చేస్తా, ఆవిడ చోటు తియ్యకండి" అంది వసపిట్ట. దుప్పటికి అటు చివర మనిషి లేకుండా మడవడం ఎలా? ఒక సాయంత్రం ఆమెను గోడ దగ్గర నిలబెట్టి, చేతులు చాపమని, సరిగ్గా వేళ్ళున్నచోట సుద్దముక్కతో గీత పెట్టుకుంది. మర్నాడు అక్కడ చెక్క కొట్టి రెండు ఇనప క్లిప్పులు బిగించింది. "నీ ఎత్తులోనే పెట్టా. అటు చివర నువ్వే నిలబడ్డట్టుంటుంది నాకు" అంది. భర్తను సాగనంపి ఆమె తిరిగొచ్చేసరికి ఆమె చోటు ఆమెకే ఉంది. ఇప్పుడా క్లిప్పులకి ఎవరిదో పాత సంచీ వేలాడుతోంది.

మధ్యాహ్నం అన్నాలు తినేవేళ వసపిట్ట పై అంతస్తుల నుంచి మాసిన గుడ్డల బండి తేవడానికి వెళ్ళింది. ఇస్త్రీ తాత పెట్టె ఆపి, తుడుచుకున్న చేతినే మళ్ళీ తుడుచుకుంటూ బల్ల దగ్గరికొచ్చాడు. చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. సగం మాత్రలు అలాగే ఉన్నాయి.

"షుగరువి. మొన్నటినుంచి మానేశానమ్మా. రెండూ కలిపి వేసుకుంటే పొడి పని చెయ్యదంది మన వసపిట్ట."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"కళ్ళు కాస్త మసగ్గా ఉంటున్నాయి. విషం బయటికి పోతోంది, మొదట్లో అలాగే ఉంటుందంది. ఆ పిల్ల సంగతి తెలిసిందే, నోరు తెరిస్తే వాన. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదు. అందుకని నిన్నడుగుతున్నా. నీ మోకాలు నిజంగా తగ్గిందా?"

ఆమె అన్నం డబ్బా మూత పెట్టింది. మూత అంచు చుట్టూ వేలు తిప్పింది. చివరికి లేచి నిలబడింది. బల్ల నుంచి యంత్రాల దాకా, అక్కణ్ణుంచి మళ్ళీ బల్ల దాకా నడిచింది. ఏమీ దాచకుండా, కాలు ఎలా పడాలంటే అలా పడనిచ్చి, ప్రతి అడుగుకీ ఒక పక్కకి ఒరిగిపోతూ, నడుంమీద చెయ్యి వేసుకుని నడిచింది.

తాత ఆ నడకను చివరిదాకా చూశాడు. అట్టలోంచి ఒక మాత్ర నొక్కి తీసి, నీళ్ళ కోసం చుట్టూ చూశాడు.

ఆమె తన సీసా అందించి తలెత్తేసరికి, మెట్ల మొదట్లో, మాసిన దుప్పట్ల బండి వెనక, వసపిట్ట నిలబడి ఉంది.

మధ్యాహ్నం దుప్పట్లు మాటలు లేకుండా సాగాయి. దులపడం, నడవడం, మూలలు అందించడం, వెనక్కి వెళ్ళడం. యంత్రాల రొద ఎంత ఉందో ఆమెకి ఇవాళే వినిపించింది. ఆమె వంగబోతే వసపిట్ట ముందే వంగి మడత అందుకుంది. తన వంతులోనూ తనే, ఆమె వంతులోనూ తనే.

బండి సగం నిండాక అడిగింది. "అసలు తగ్గనే లేదా?"

"లేదు."

మరో దుప్పటి.

"మరి ఎందుకు చెప్పావు?"

"నువ్వు అంత ఆశగా అడిగితే, ఏం చెప్పనే..."

మరో దుప్పటి. ఈసారి వసపిట్ట మూలలు అందించి వెనక్కి వెళ్ళలేదు.

"నాకు భుజం పిసరంత కూడా తగ్గలేదు వదినా. నా ఒంటి తీరు అంత, పొడి తప్పు కాదనుకున్నా. నీకు తగ్గింది కదా అని. మా చెల్లెల్ని చేర్పించింది కూడా నీ మోకాలి సంగతి చెప్పే."

ఇద్దరి మధ్యా దుప్పటి వెచ్చగా వేలాడుతోంది. మెట్ల మీంచి సూపర్‌వైజరు గొంతు వినిపించింది.

"ఏమ్మా, పోయేముందు ఏప్రన్, బీరువా తాళంచెవి బల్లమీద పెట్టు. మళ్ళీ వాటి కోసం నీ వెంట తిరగలేను."

ఆమె వసపిట్ట మొహంలోకి చూసింది.

"ఇవాళే ఆఖరు," అంది వసపిట్ట, గోడవైపు చూస్తూ. "రెండు పడవలమీద కాళ్ళు పెడితే కుదరదన్నాడు కోటుసారు. పని మానేస్తానని ఇక్కడ పోయిన నెలలోనే చెప్పేశా. నువ్వు స్టేజీమీద మాట్లాడాక అందరి ముందూ చెబుదామనుకున్నా. నీక్కూడా ఆశ్చర్యంగా ఉంటుందని."

"ఉండవే. ఇంకా మించిపోలేదు. నేను మాట్లాడతా సూపర్‌వైజరుతో. కాళ్ళు పట్టుకుంటా."

"ఏ కాళ్ళతో వెళ్ళి పట్టుకుంటావు? నీ కాలే నీ మాట వినడంలేదు." నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. "నా కింద చేరినవాళ్ళున్నారు వదినా. చెల్లెలుంది, మరిదున్నాడు. వాళ్ళకి మొహం ఎలా చూపించను? వెళ్ళాలి. ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకుంటా."

"నేనూ వస్తా."

"వద్దు. నువ్వొస్తే నేను అబద్ధం చెప్పలేను."

వసపిట్ట ఏప్రన్ విప్పింది. విప్పి, ఉండ చుట్టి పడేసే మనిషి, ఇవాళ బల్లమీద పరిచి, నాలుగు మడతలు పెట్టి, పైన తాళంచెవి పెట్టింది. అంచులు కలవలేదు. ఇన్నేళ్ళూ అటు చివర ఆమె కలిపితేనే కలిసేవి. ఇస్త్రీ తాత దగ్గర ఆగి, "మాత్రలు మానకు తాతా" అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆమె వసపిట్ట వెంట వెళ్ళబోయింది. మూడో మెట్టు మీద మోకాలు మొరాయించింది. కటకటాల్లాంటి రెయిలింగు పట్టుకుని నిలబడి కిటికీ వైపు చూసింది. వీధిలో పాదాలు వెళుతున్నాయి. బూట్లు, స్కూలు పిల్లల బూట్లు, ఎవరివో తెగిన చెప్పులు. వాటి మధ్య వసపిట్ట ఎర్ర పట్టీల కొత్త చెప్పుల జత వచ్చి కిటికీ ముందు ఆగింది. కాసేపు ముందుకీ వెనక్కీ కదలలేదు. తర్వాత బస్టాపు వైపు కాక, హాలు వైపు తిరిగి వెళ్ళింది.

ఆరబెట్టే యంత్రం గంట మోగి ఆగింది. ఇంకో బండెడు దుప్పట్లు.

"కొత్త మనిషి వచ్చేదాకా ఎలాగోలా సర్దుకోమ్మా," అన్నాడు సూపర్‌వైజరు పైనుంచి.

ఆమె ఒక దుప్పటి అందుకుని, అలవాటు కొద్దీ రెండు మూలలు ఎదటికి చాపింది. అందుకునేవాళ్ళు లేరు. గోడ దగ్గరికి వెళ్ళి పాత సంచీ తీసి పక్కన పెట్టింది. క్లిప్పుల మీది దుమ్ము తన ఏప్రన్ అంచుతో తుడిచి, దుప్పటి మూలలు వాటికి తగిలించింది. వెనక్కి నడిచి, వసపిట్ట ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. దుప్పటి ఆమెకి సమంగా, ఎక్కడా వాలకుండా నిలిచింది.

వసపిట్ట ఆమె భుజం దాటదు. ఈ ఎత్తుకి దుప్పటి చదునుగా పట్టాలంటే, తను పనిలోకి రాని ఆ రోజులన్నీ, దుప్పటి దుప్పటికీ, వసపిట్ట చేతులు తల మీదికెత్తి లాగి ఉంటుంది. ఆ భుజంలో వంకర కుట్టు ఎప్పుడు పడిందో ఆమెకి అప్పుడు తెలిసింది.

తాత ఇస్త్రీపెట్టె ఆపి వెళ్ళిపోయాడు. ఆమె దుప్పటి దులపలేదు, మడవలేదు. గోడమీద, సరిగ్గా తన చేతులెత్తున, తుప్పు పట్టిన ఆ రెండు క్లిప్పులు దుప్పటి మూలల్ని పట్టుకుని ఉన్నాయి.