ఒకటి ఇటు, రెండు అటు

మంగయ్య సారు పోలింగు బూతులోంచి బయటికొచ్చి, రోడ్డు దాటి, టీ కొట్టు దగ్గర నిలబడ్డ జ్యోత్స్న చెవిలో రహస్యంగా ఒక మాట చెప్పాడు.

"పని అయిపోయింది బిడ్డా. యూనియన్ చెప్పినట్టే బలరాంకు ఒకటి, బాబూరావుకు రెండు. పక్కన టిక్కు కొట్టి, కింద పొట్టి సంతకం గూడ గీకిన."

"సంతకమా!"

"పేపరు దిద్దినంక సంతకం పెట్టకుంటె ఎట్ల? సర్వీసంత గదే పని జేస్తి."

"సార్, అంకె తప్ప ఇంకే గీత ఉన్నా ఓటు చెల్లదు. సంతకం ఉంటె అసలుకే చెల్లదు."

మంగయ్య సారు మొహంలో మురిపెం ఆరిపోయింది. లెక్కల మాస్టారు. ఒకప్పుడు జ్యోత్స్నకి పదో తరగతిలో పాఠం చెప్పినవాడు. "మరి నువ్వు గ్రూపుల పెట్టిన ఫొటోల టిక్కు ఉండె గద!" అన్నాడు.

జ్యోత్స్న ఫోను తీసింది. ఉంది. ఎట్లా ఓటేయాలో చూపించడానికి నమూనా బ్యాలెట్ గీసి, బలరాం పేరు ఎదుట 1, బాబూరావు పేరు ఎదుట 2 వేసి, ఇది సరైన పద్ధతి అని తెలియడానికి పక్కనే ఎర్ర సిరాతో ఇంత పెద్ద టిక్కు కొట్టింది. తన జవాబు తానే దిద్దుకుంది. ఆ ఫొటోని మణుగూరు మొదలు పెనుబల్లి దాకా అన్ని మండలాల గ్రూపులకీ పంపింది. పంపినప్పుడు ఒక్కరికీ తేడాగా అనిపించలేదు. అందరూ టీచర్లే మరి.

ఉపాధ్యాయులు ఓట్లేసి శాసనమండలికి పంపే సీటు అది. మీట నొక్కడం ఉండదు. వాళ్లిచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతో కాగితం మీద ఇష్టమైన వరుసలో అంకెలు వేయాలి. ఎవరికీ సగానికి మించి మొదటి ఓట్లు రాకపోతే, అట్టడుగున ఉన్నవాడిని తప్పించి, అతని కాగితాల్లో రెండో అంకె ఎవరికుంటే వాళ్లకి పంచుతారు. ఆ రెండో అంకె మీదే జ్యోత్స్న తన పరువంతా పణంగా పెట్టింది.

కారణం ఎర్రచెలక హైస్కూలు. ఆమె చదువుకున్న బడీ అదే, ఇప్పుడు పాఠం చెబుతున్న బడీ అదే. పిల్లలు తక్కువున్నారని తొమ్మిది, పది తరగతులు ఎత్తేసి మణుగూరు బడిలో కలపాలని పై నుంచి ప్రతిపాదన వచ్చింది. అడవి దారిన అంత దూరం ఆడపిల్లల్ని ఏ తల్లీ పంపదు. వేసవి సెలవుల్లోపు ఆ ప్రతిపాదన ఆగకపోతే, తండాల పిల్లలూ గూడేల పిల్లలూ ఎనిమిదితోనే ఇంటికి చేరతారు.

ఇంతకుముందు యూనియన్ ప్రతిసారీ ఏదో ఒక పార్టీ వెంటే నడిచేది. ఆ పార్టీ గెలిస్తే అవతలివాళ్లు పగబట్టేవారు. ఓడితే సచివాలయంలో గేటు కూడా దాటనిచ్చేవారు కాదు. డివిజన్ కార్యదర్శిగా జ్యోత్స్న మొదటిసారి అడ్డం తిరిగింది. "ఒక్క గడప పట్టుకొనే ఏలాడుడు ఎందుకు? మొదటి అంకె ప్రతిపక్షానికి, రెండోది అధికార పార్టీకి. ఇద్దరి పేర్లూ బహిరంగంగనే ప్రకటిద్దాం. ఇద్దరూ మనకు మాట ఇయ్యాలె," అంది. రెండు పడవల్లో కాళ్లా అని పెద్దలు ఎగతాళి చేశారు గానీ, చివరికి సరేనన్నారు.

ప్రతిపక్షం తరఫున నిలబడ్డ బలరాం వెంటనే ఒప్పుకున్నాడు. అధికార పార్టీ బాబూరావుకే కోపమొచ్చింది. "సర్కారు మాది. నాకు రెండో నంబరా మేడం? పాస్ మార్కులిచ్చి పంపిస్తున్రా?"

"మీకు మొదటిది ఏసేటోళ్లు మస్తుగున్నరు సార్. మీకు లేనిది రెండోదే," అంది జ్యోత్స్న.

ఆయన నవ్వక తప్పలేదు. ఎందుకంటే బరిలో మూడో మనిషి ఉన్నాడు. వరసగా ప్రైవేటు కాలేజీలున్న యజమాని. ప్రతి స్తంభం మీదా ఆయన మొహమే. ఆయన గెలిస్తే ఇద్దరికీ నష్టమే, ఎర్రచెలకకి మరీ నష్టం. చివరికి బాబూరావు, బలరాం ఎర్రచెలక బడి వాకిట్లో ఒకే మైకు పట్టుకుని, ఎవరు గెలిచినా ఇద్దరం కలిసి మంత్రి దగ్గరికి పోతామని పిల్లల ముందే మాటిచ్చారు.

ఇంత చేస్తే ఇప్పుడు ఒక్క టిక్కు మొత్తాన్నీ ముంచేటట్టుంది.

జ్యోత్స్న గబగబా గ్రూపుల్లో రాసింది. 'అంకెలు మాత్రమే. టిక్కు వద్దు, సున్నా చుట్టొద్దు, సంతకం వద్దు.' ఎవరి పేరూ రాయలేదు. అశ్వారావుపేట నుంచి, పెనుబల్లి నుంచి సరేనంటూ జవాబులొచ్చాయి. కానీ అడవిలోపలి బళ్ల టీచర్లు అప్పటికే జీపుల్లో బయల్దేరారు. దారంతా సిగ్నల్ ఉండదు. దిగీ దిగగానే బూతులోకి పోతారు.

రోడ్డుకి అవతల దూరంగా రెండు టెంట్లు. ఒకదాంట్లో బాబూరావు మనిషి కుమారస్వామి, ఇంకోదాంట్లో బలరాం మనిషి జంపయ్య. ఒకే గనిలో ఒకే షిఫ్టు చేసినవాళ్లు. సింగరేణి యూనియన్ ఎన్నికల్లో తగువుపడ్డ నాటి నుంచి వాళ్లకి మాటల్లేవు. జ్యోత్స్న ఇద్దర్నీ రోడ్డు మధ్యకి పిలిచింది.

సంగతి విని జంపయ్య లుంగీ ఎగ్గట్టాడు. "నేను పోత అక్కా. అడవి మలుపు కాడ జీపులు ఆపి చెప్త."

"నువ్వు జెప్తె మావోళ్లు నమ్ముతరా?" కుమారస్వామి మూతి తిప్పాడు. "ఓటు ఖరాబు జేయనీకి వచ్చిండు అనుకుంటరు."

"నువ్వు జెప్తె మావోళ్లు మాత్రం నమ్ముతరా?"

"అందుకే ఇద్దరూ పోవాలె," అంది జ్యోత్స్న. "ఒక్క నోటితోని ఒక్కటే మాట. పేర్లు చెప్పొద్దు, జెండా కండువాలు తీసేయుండ్రి."

కుమారస్వామి కారుకి పార్టీ స్టిక్కర్లు. ఇక మిగిలింది జంపయ్య బైకు ఒక్కటే. ఎవరు నడపాలన్న దానిమీద కాసేపు పంచాయితీ నడిచింది.

"నీ ఎనక నేను కూసుంట? మా పార్టోళ్లు చూస్తె ఏమనుకుంటరు?"

"అయితె నడుసుకుంట రా."

కుమారస్వామి ఎక్కాడు. పడిపోతానని భయమేసినా జంపయ్య భుజం పట్టుకోకుండా వెనక కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. మొదటి గుంతలో బైకు ఎగిరేసరికి భుజమే పట్టుకున్నాడు.

బూతుకొచ్చే రెండో దారిలో జ్యోత్స్న, మంగయ్య సారు నిలబడ్డారు. సారు వచ్చిన ప్రతి మనిషినీ ఆపి తన సంగతే చెప్పాడు. "నా ఓటు పాయె. మీది కాపాడుకోండ్రి. టిక్కు కొట్టిన్రా, గంతే సంగతి." నవ్వినవాళ్లు నవ్వారు. ఇద్దరు ముగ్గురు మాత్రం చేతిలో ఎర్రపెన్ను చూసుకుని జేబులో పెట్టేసుకున్నారు.

అంతలో పోలీసు జీపు వచ్చి ఆగింది. కాలేజీ యజమాని ఏజెంటు ఫిర్యాదు చేసినట్టున్నాడు. ఎస్సై దిగాడు.

"మేడం, ఇక్కడ ప్రచారం జేస్తున్నరట. పోలింగు నాడు జీపెక్కిస్త, తెలుసు గద?"

"ఎవరి పేరూ చెప్తలేను సార్. టిక్కు కొట్టొద్దు, సంతకం పెట్టొద్దు, అంకె చుట్టూ సున్నా చుట్టొద్దు అంటున్న. గంతే. బూతు గోడ మీద గూడ గదే రాసిన్రు."

ఎస్సై ముఖం మారింది. "సున్నా చుడితె చెల్లదా?"

"చెల్లదు సార్."

ఆయన పక్కకి జరిగి ఫోను చేశాడు. గొంతు తగ్గించినా అందరికీ వినిపించింది. "ఏమే, ఓటేసినవా? ఇంకా లైన్లనే ఉన్నవా? బతికించినవ్. అంకె చుట్టూ సున్నా చుట్టకు. అరే, మార్కులు గావే అవి! ఎవలకేసుకుంటవో నీ ఇష్టం, చుట్టకుంట ఏయి."

ఫోను పెట్టేసి టోపీ సర్దుకున్నాడు. "ఇక్కడ గాదు మేడం, వంద మీటర్ల గీత దాటి ఆ టీ కొట్టు అవతల నిలబడుండ్రి. పేరు మాత్రం ఎత్తొద్దు. నేను జూస్తనే ఉంట." వెళుతూ కానిస్టేబుల్‌కి చెప్పాడు, "బూతు గోడ మీది సూచనల కాగితం ఇంకొకటి తెచ్చి గేటు కాడ పెద్దగ అంటియ్యి."

సాయంత్రం పోలింగు ముగిశాక జంపయ్య, కుమారస్వామి దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చారు. ఒక్క జీపునీ వదల్లేదట. "ఇద్దరం కల్సి అడ్డం నిలబడితె, ఏదో యాక్సిడెంట్ అయ్యిందనుకొని ఆపిన్రు మేడం," అన్నాడు కుమారస్వామి.

లెక్కింపు రోజు జ్యోత్స్న హాల్లో ఇనుప జాలీ పట్టుకుని నిలబడింది. చెల్లని ఓట్ల ట్రేలో కాగితం పడ్డప్పుడల్లా ఆమె ముందుకి వంగి చూసేది. టిక్కులు పడ్డాయి, కానీ ఆమె భయపడ్డంత లేవు. మొదటి లెక్కలో కాలేజీ యజమాని ముందు, బాబూరావు వెనక, ఆ వెనక బలరాం. ఎవరికీ సగం దాటలేదు. చిన్నాచితకా అభ్యర్థులు ఒక్కొక్కరే పోయారు. మిగిలిన ముగ్గురిలో బలరాం అట్టడుగున ఉన్నాడు.

బలరాం కట్టలు విప్పారు. రెండో అంకె చూస్తూ పంచుతున్నారు. బాబూరావు ట్రే నిండుతోంది. కాలేజీ యజమాని ఏజెంట్లు మళ్లీ లెక్కపెట్టమన్నారు. మళ్లీ లెక్కపెట్టారు. బాబూరావు ముందే ఉన్నాడు. అధికారి మైకులో పేరు చదివేసరికి జ్యోత్స్న జాలీ వదిలి, అక్కడే కుర్చీలో కూలబడింది.

కానీ ఇంకో సగం మిగిలింది. అధికార పార్టీ మనిషి ఒంటరిగా పోతే, అది పార్టీలో అడిగే చిన్న కోరిక అవుతుంది. ప్రతిపక్షం కూడా పక్కన నిలబడితేనే కాదనడం కష్టం. ఓడినవాడు వస్తాడా?

బలరాం గోడవారగా చెమట తుడుచుకుంటున్నాడు.

"అన్నా..." అంది జ్యోత్స్న.

"మీ ఒకట్లన్నీ తెచ్చి నాకు పోసిన్రు. అవే మళ్ల ఆయనకు పోసిన్రు. నన్ను బిందె జేసిన్రు గద చెల్లే!" అని గట్టిగా నవ్వాడు. నవ్వు ఆపి, "మాటిచ్చింది పిల్లల ముంగట. ఓడితె మాట గూడ ఓడినట్టేనా? మంత్రి టైమిచ్చినప్పుడు చెప్పు, నేనొస్త," అన్నాడు.

వచ్చాడు. ఇద్దరూ ఒకే కారులో హైదరాబాదు పోయారని, దారిలో టిఫిన్ దగ్గర కూడా తగువుపడ్డారని, వాళ్లని ఒకే సోఫాలో చూసి మంత్రి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడని జంపయ్య తర్వాత కథలు కథలుగా చెప్పాడు.

జ్యోత్స్నకి ఫోను వచ్చేటప్పటికి తొమ్మిదో తరగతిలో పాఠం నడుస్తోంది. సిగ్నల్ కోసం కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఆపినరు మేడం," బాబూరావు గొంతు. "ఎర్రచెలకల పదో తరగతి దాక ఉంటది. పక్కన బలరాం కూడ ఉన్నడు. మంత్రిని ఒప్పించింది తనే అని మీకు చెప్పమంటున్నడు."

ఆమె ఫోను పట్టుకుని కిటికీ చువ్వలకి నుదురు ఆనించింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పిల్లలంతా ఆమెనే చూస్తున్నారు.

"బడి ఏడికీ పోతలేదు," అంది తిరిగి. "వచ్చే ఏడు మీరు పదో తరగతి గూడ ఇక్కడ్నే."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బెంచీలోంచి పూలి అనే పిల్ల మెల్లగా లేచింది.

"అయితె సోమవారం పరీక్ష ఉన్నట్టేనా మేడం?"

"ఉన్నట్టే."

వెనక బెంచీల నుంచి పెద్ద మూలుగు వినిపించింది. జ్యోత్స్న కళ్లు తుడుచుకుని, నవ్వుకుంటూ, పుస్తకంలో ఆపిన పేజీ వెతకసాగింది.