రెండో పశువు

తొంభై ఎనిమిదిలో కూడా జయరామప్ప తోటలో ఆ ఆనవాయితీ నడిచేది. కూలోడు చస్తే వాడి దొడ్లో మంచి పశువు యజమానికి చేరాలి. తోట ఆనేకల్ దారిలో. గులాబీలు బెంగళూరు పెళ్లిళ్లకు పోతాయి. గుడిసె తోటది, గడ్డి తోటది, కాబట్టి పశువూ తోటదేనట. సిగ్గులేని న్యాయం.

తోట కూలి పెద్దమునియప్పను పూడ్చిన మర్నాడు ఆదివారం. సాయంత్రం అతని ఆవు కోసం తోట మనుషులొస్తారు. ఆ పాలు అమ్ముకుంటేనే భార్య మునెమ్మకు సంగటి.

పాస్టరు ప్రభుదాసు భార్య కరుణ బడిలో చరిత్ర చెబుతుంది. ఆదివారాలు ప్రార్థన షెడ్డులో తోట ఆడవాళ్లకు చదువు నేర్పుతుంది. ఆరోజు మధ్యాహ్నం ధైర్యం చెబుదామని చరిత్ర పుస్తకమే తెచ్చింది.

“ఒకప్పుడు యూరప్‌లోనూ ఇంతే. రైతు దొర భూమి వదిలి పోకూడదు. దొర మరలోనే పిండి పట్టించాలి. రైతు చస్తే మంచి పశువు దొరకే. జనం తిరగబడ్డారు. మనమూ సాయంత్రం అడ్డం నిలబడదాం.”

“అయితే మన తోట సామి దొరే! గుర్రం లేదుగానీ మారుతీ కారుండాది” అంది ఆవులమ్మ. అందరూ నవ్వారు.

మునెమ్మ నవ్వలేదు. “అమ్మా, ఆడ రెండో పశువు ఎవురికి పోతాది?”

కరుణ పేజీ తిప్పి చూసింది. గొంతు తగ్గింది. “చర్చి పాదిరికి.”

“ఈడా అంతే గదమ్మా. సమాధి ప్రార్థనకని మా మేకను పొద్దున్నే అయ్యగారు తోలుకపోయినారు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. కరుణ లేచి ఇంటికి నడిచింది. మేక పెరట్లో కట్టేసి ఉంది.

“కానుక. వాళ్లే ఇచ్చారు, నేనేమన్నా అడిగానా?” అన్నాడు ప్రభుదాసు.

“మీరు వద్దన్నారా?”

ఆమె తాడు విప్పి మేకను మునెమ్మ గుడిసె దగ్గరికి ఈడ్చుకొచ్చింది.

“వద్దమ్మా,” మునెమ్మ వెనక్కి జరిగింది. “ఇచ్చింది ఎనక్కి తీసుకుంటే మా ఆయప్పకు పైన చోటు దొరకదు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“అయ్యగారే.”

పొద్దు వాలుతుండగా తోట మేస్త్రీ ఓబళప్ప ఇద్దరు మనుషులతో వచ్చాడు. అడ్డం నిలబడాల్సిన ఆడవాళ్లు వాకిళ్లలోనే ఆగిపోయారు. కరుణ ఒక్కతే ఆవు ముందు నిలబడింది.

“ఈ ఆవు మునెమ్మది. ఇవ్వం.”

ఓబళప్ప ఆమె చేతికేసి చూశాడు. “ముందు మీకు చేరిన ఆ మేకను ఇడిసి మాట్లాడమ్మా.”

కరుణ తాడు వదిలేసింది. మేక ఎటూ పోలేదు. ఆమె కాళ్ల దగ్గరే నిలబడింది. తీసుకోవడానికి మునెమ్మ చెయ్యి చాపలేదు.

ఆ చెయ్యే ఆవు తాడు విప్పి ఓబళప్పకు ఇచ్చింది.